మబ్బుల నగరంలో ఐస్‌క్రీమ్ యంత్రం

‘స్టార్ వార్స్’ వరుసలో రెండోదిగా 1980లో విడుదలైన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చిత్రంలో ఒక పరుగుల దృశ్యం ఉంది. సామ్రాజ్య సైన్యం నగరాన్ని స్వాధీనం చేసుకోబోతోందనీ, అందరూ వెంటనే వెళ్ళిపోవాలనీ మబ్బుల మీద తేలే క్లౌడ్ సిటీ పాలకుడు లాండో కాల్రిసియన్ ప్రకటిస్తాడు. జనం చేతికందినవి పట్టుకుని నడవాల్లో పరిగెడతారు. ఆ గుంపులో నారింజ రంగు దుస్తుల్లో ఉన్న ఒక జూనియర్ ఆర్టిస్టు తెల్లటి గుండ్రని డబ్బాలాంటి వస్తువును ఒడిసిపట్టుకుని తెరకు అడ్డంగా పరుగు తీసి మాయమవుతాడు. అతనికి మాట లేదు, కథలో పేరు లేదు, కనిపించేది కొన్ని క్షణాలే. అయితే అతని చేతిలో ఉన్నది ఏ సుదూర నక్షత్రమండలపు పరికరమో కాదనీ, అప్పట్లో పాశ్చాత్య దేశాల వంటిళ్ళలో ఉండిన కరెంటు ఐస్‌క్రీమ్ యంత్రమనీ చూసినవాళ్ళు కనిపెట్టారు. అప్పటినుంచి ఆ డబ్బా గురించి అభిమానుల మధ్య నడిచిన చర్చ చిత్రంలోని కొన్ని ముఖ్యపాత్రల గురించి నడిచిన చర్చకు తీసిపోదు.

బయటివాళ్ళకు ఇది పనిలేని వాళ్ళ కాలక్షేపంగా కనిపించడం సహజమే. కానీ ఆ ప్రశ్న పుట్టడానికి కారణం దృశ్యంలోనే ఉంది. ఊరు విడిచి పారిపోయే మనిషి తన దగ్గర ఉన్నవాటిలో దేన్ని వదులుకోలేడో దాన్నే చేతపట్టుకుంటాడని ప్రేక్షకుడికి తెలుసు. కాబట్టి ఆ మనిషి చేతిలో ఏది కనిపించినా దానికి విలువ ఉండి తీరాలని చూసేవాడి మనసు తనంతట తానే నిర్ణయించుకుంటుంది. అదే యంత్రం ఏ గోడవారనో బల్ల మీద ఉండి ఉంటే బహుశా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పరిగెత్తే మనిషి దాన్ని గుండెలకు హత్తుకోవడం వల్లనే అది ప్రశ్నగా మారింది.

ఇలాంటి చర్చలు తెగకపోవడానికి ముఖ్య కారణం, ‘అది ఏమిటి?’ అని అందరూ అడిగే ఒకే ప్రశ్న కింద మూడు వేరువేరు ప్రశ్నలు దాగి ఉండటమే. చిత్రీకరణ రోజున ఆ నటుడి చేతికి ఇచ్చిన అసలు వస్తువు ఏమిటన్నది మొదటిది. కథాలోకంలో ఆ వస్తువుకు ఉన్న పేరూ ప్రయోజనమూ ఏమిటన్నది రెండోది. ఆ వస్తువు ద్వారా సినిమా మనకు ఏమైనా చెప్పదలచుకుందా అన్నది మూడోది. మొదటిదానికి సాక్ష్యం వస్తువులోనే దొరుకుతుంది, రెండోదానికి కథ హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళ మాటలో దొరుకుతుంది, మూడోదానికి దృశ్యాల కూర్పులో దొరుకుతుంది. ఒకదానికి దొరికిన సాక్ష్యాన్ని తెచ్చి మరొకదానికి జవాబుగా నిలబెట్టినప్పుడే వాదం గాడి తప్పుతుంది.

మొదటి ప్రశ్న విషయంలో అభిమానుల కృషి నిజంగా పరిశోధన స్థాయికి చేరిందని చెప్పవచ్చు. 1977లో వచ్చిన తొలి ‘స్టార్ వార్స్’ చిత్రంలో కథానాయకుడు లూక్ స్కైవాకర్ చేతికి అందే లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి పిడి ఇందుకు చక్కని ఉదాహరణ. 1976లో ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలోనూ ట్యునీషియాలోనూ ఆ చిత్రం తీస్తున్నప్పుడు సెట్ డెకరేటర్‌గా పనిచేసిన రోజర్ క్రిస్టియన్, ఆ ఆయుధానికి తగిన ఆకారం కోసం వెతుకుతూ లండన్‌లోని గ్రేట్ మార్ల్‌బరో వీధిలో ఒక కెమెరా దుకాణానికి వెళ్ళాడు. అక్కడ మూలన పడి ఉన్న పాత పెట్టెల్లో గ్రాఫ్లెక్స్ అనే అమెరికన్ సంస్థ తయారుచేసిన ఫ్లాష్ గన్ పిడులు దొరికాయి. పత్రికా ఛాయాగ్రాహకులు పెద్ద కెమెరాల పక్కన బిగించుకుని, పైన బల్బు పెట్టి, లోపల మూడు బ్యాటరీలు వేసుకుని వాడిన లోహపు గొట్టాలవి. ఫ్లాష్ వెలిగించే ఎర్ర మీట, కెమెరాకు పట్టి ఉంచే బిగింపు పట్టీ అప్పటికే వాటికి ఉన్నాయి. క్రిస్టియన్ వాటికి చేతిపట్టు కోసం నల్లటి పట్టీలు అతికించి, నడుముకు వేలాడదీయడానికి కింద ఒక రింగు తగిలించి, బిగింపు పట్టీ ఉన్నచోట బుడగల వరుసలా కనిపించే చిన్న ప్లాస్టిక్ ముక్కను అమర్చాడు.

ఆ బుడగల ముక్క కథ ఇంకొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. 1970ల తొలి కాలపు జేబు కాలిక్యులేటర్లలో ఎర్రగా వెలిగే అంకెలు చాలా చిన్నవిగా ఉండేవి. అంకెలు పెద్దవైతే బ్యాటరీ త్వరగా అయిపోయేది. అందుకని చిన్న అంకెలే పెట్టి, ఒక్కొక్క అంకె మీద భూతద్దంలా పనిచేసే ప్లాస్టిక్ బుడగను అమర్చేవారు. లైట్‌సేబర్ మీద మెరిసేది అలాంటి బుడగల పట్టీయే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఎగ్జాక్ట్రా కాలిక్యులేటర్లలోని పట్టీ దానితో సరిపోతుందని అభిమానులు బుడగల సంఖ్యనూ వాటి మధ్య దూరాన్నీ పోల్చి తేల్చారు. రెండో చిత్రానికి వచ్చేసరికి అదే స్థానంలో బుడగలు పోయి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు అంచున ఉండే బంగారు రంగు గీతల ముక్క వచ్చింది. అందువల్ల ఇప్పుడు ఒక నమూనాను చూడగానే అది ఏ చిత్రంలోని పిడికి నకలో జాగ్రత్తగల అభిమాని చెప్పగలడు.

లూక్ గురువైన ఓబీ వాన్ కెనోబీ లైట్‌సేబర్ పిడి ఇంకా చిక్కైనది, ఎందుకంటే అది ఒకే వస్తువు నుంచి కాక అనేక ముక్కల అతుకులతో తయారైంది. రోల్స్ రాయిస్ డర్వెంట్ జెట్ ఇంజను నుంచి తీసిన ఒక గొట్టం, విమానాల్లో వాడిన బ్రౌనింగ్ మెషిన్ గన్ భాగం, మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడ్, గ్రాఫ్లెక్స్ బిగింపు పట్టీ అందులో ఉన్నాయి. చిట్టచివర ఉన్నది ఆర్మిటేజ్ షాంక్స్ అనే స్నానాలగది సామగ్రి సంస్థ తయారుచేసిన కుళాయి తిప్పే పిడి. గౌరవనీయుడైన జెడాయ్ యోధుడి ఆయుధంలో సగభాగం పాత తుక్కు నుంచీ, ఒక ముక్క స్నానాలగది నుంచీ వచ్చాయని తెలిసినప్పుడు నవ్వు రావడం నిజమే గానీ, అభిమానుల్లో ఎక్కువమందికి అది ఆ వస్తువు మీద గౌరవాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు.

ఈ గుర్తింపులు ఊహల మీద జరగలేదు. తెర మీది బొమ్మ ఒక్కదాన్నే చూస్తే చాలా తక్కువ తెలుస్తుంది. వస్తువు కదులుతూ ఉంటుంది, వెలుగు చాలదు, వీడియో క్యాసెట్ల కాలంలో అయితే ఆపి చూసినా మసకే. కాబట్టి చిత్రీకరణ సమయంలో స్టూడియో తీయించిన ప్రచార ఛాయాచిత్రాలనూ, ప్రదర్శనల్లోనూ వేలంపాటల్లోనూ బయటపడిన అసలు వస్తువుల బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. కొలత ఖాయంగా తెలిసిన భాగం ఒకటి దొరికితే చాలు. దాని వ్యాసాన్ని ఆధారం చేసుకుని పక్క భాగాల కొలతలు లెక్కగట్టవచ్చు. ఆ కొలతకూ ఆకారానికీ సరిపోయే వస్తువు ఆ కాలంలో ఆ దేశంలో తుక్కుగానో, చవక సరుకుగానో దొరికేదా అన్నది తరువాతి పరీక్ష. చివరికి అనుమానించిన వస్తువును కొని, విప్పి, గాటుకు గాటు, మరకు మర పోల్చుకోవాలి. ఒక్క పేచీ ఉంది. ఒకే ఆయుధానికి దగ్గరి షాట్లలో చూపే మేలురకం ప్రతి వేరు, పోరాట దృశ్యాలకు వాడే ప్రతి వేరు. తొలి చిత్రంలో కత్తి వెలుగుకోసం వెలుతురును తిప్పికొట్టే పూత పూసిన కడ్డీని పిడిలోని మోటారుతో తిప్పేవారు కనుక, ఆ ప్రతుల కొలతలు మారిపోతాయి. రెండు ప్రతుల బొమ్మలను ఒకటే అనుకుని కొలిచినవాళ్ళు తప్పుడు లెక్కలకు చేరడంలో వింత లేదు.

అసలు తుక్కునే ఎందుకు వాడారు అంటే డబ్బు ఒక కారణం. ఆ చిత్రానికి ఇచ్చిన బడ్జెట్టుతో ప్రతి వస్తువునూ కొత్తగా గీసి, అచ్చుపోసి చేయించడం సాధ్యమయ్యేది కాదు. పాత విమానాల తుక్కు బరువు లెక్కన చవకగా దొరికేది. రెండో కారణం అంతకంటే ముఖ్యమైనది. అప్పటివరకూ భవిష్యత్తును చూపిన చిత్రాల్లో వస్తువులు చాలావరకు నున్నగా, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉండేవి; దర్శకుడు జార్జ్ లూకాస్‌కు కావలసినది వాడి వాడి అరిగిన లోకం. నిజమైన యంత్రభాగంలో ప్రతి మరకూ, ప్రతి గాడికీ ఒకప్పుడు ఏదో పని ఉండేది కాబట్టి, ఆ పనేమిటో మనకు తెలియకపోయినా, అది దేనికో పనికొచ్చే వస్తువేనన్న నమ్మకం కన్నుకు కలుగుతుంది. ఉత్త అలంకారంగా చెక్కిన గీతలకు ఆ నమ్మకం కలిగించే శక్తి ఉండదు. డర్వెంట్ ఇంజనులోని దహనగదులు మొదటి చిత్రపు మద్యశాలలో పానీయాలు పోసే గొట్టాలుగా నిలబడి, రెండో చిత్రంలో ఐజీ 88 అనే కిరాయి రోబోకు తలగా మారాయి. రెండుచోట్లా అవి ఒప్పించాయి. ఈ పద్ధతి 1999లోనూ ఆగలేదు: ‘ది ఫాంటమ్ మెనేస్’లో క్వై గాన్ జిన్ అనే పాత్ర దూరంలో ఉన్నవాళ్ళతో మాట్లాడే చేతి పరికరం ఆడవాళ్ళ జిల్లెట్ రేజరు పిడికి అచ్చు తీసి చేసినది. కాకపోతే అప్పటికి చూసేవాళ్ళు ఆరితేరిపోయారు. ఆ రేజరు చాలాకాలం దాగలేదు.

ఐస్‌క్రీమ్ యంత్రం దగ్గర మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. అది ఐస్‌క్రీమ్ యంత్రమే. వస్తువును పెద్దగా మార్చలేదు, ముక్కలు అతికించలేదు. సరిగ్గా అందువల్లనే రెండో ప్రశ్న అక్కడ బలంగా ముందుకు వచ్చింది, ఎందుకంటే పోలికలు మార్చిన ఫ్లాష్ పిడిని చూసి లైట్‌సేబర్ అని నమ్మినంత సులువుగా, వంటింట్లో రోజూ చూసే వస్తువును చూసి మరొకటని నమ్మడం కుదరదు.

ఆ రెండో ప్రశ్నకు 1980లో జవాబే లేదన్నది నా అభిప్రాయం. దాచిపెట్టిన జవాబు కాదు, పుట్టని జవాబు. చిత్రంలోని సంభాషణల్లో దాని ఊసు లేదు, ఆ మనిషి మళ్ళీ కనిపించడు. జవాబు తరువాతి కాలంలో, అభిమానులు అడిగినందువల్ల, ముక్కలు ముక్కలుగా తయారైంది. 1990లలో డిసైఫర్ అనే సంస్థ స్టార్ వార్స్ పాత్రలతో పేకముక్కల ఆట ఒకటి తెచ్చింది. అలాంటి ఆటకు వందల కొద్దీ కార్డులు కావాలి, కార్డుకొక పేరు కావాలి. దానితో తెర మీద క్షణకాలం మెరిసిన మనుషులందరికీ పేర్లు పెట్టవలసి వచ్చింది. క్లౌడ్ సిటీ కార్డులు వచ్చినప్పుడు మన పరుగుల మనిషికి విల్‌రో హుడ్ అన్న పేరు దక్కింది. క్రమంగా అతడు గ్యాసు గనుల్లో పనిచేసేవాడనీ, చేతిలోది శత్రువుల కంటబడకూడని సమాచారం ఉన్న కంప్యూటర్ మెమరీ భాగమనీ అనుబంధ రచనలు చెప్పాయి. అతని బొమ్మ కూడా అంగళ్ళలోకి వచ్చింది, చేతిలో ఐస్‌క్రీమ్ యంత్రంతో సహా. అభిమానుల సమావేశాల్లో నారింజ దుస్తులు వేసుకుని, నిజమైన ఐస్‌క్రీమ్ యంత్రాలు పట్టుకుని, గుంపుగా పరుగు తీయడం ఒక వేడుకగా స్థిరపడింది.

ఆ జవాబుకు ఎంత అధికారం ఉందన్నది వేరే చిక్కు. స్టార్ వార్స్ చిత్రాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థను డిస్నీ 2012లో కొన్న తరువాత, 2014లో, చలనచిత్రాలకు బయట అప్పటిదాకా వచ్చిన నవలలూ చిత్రకథలూ ఆటలూ చాలావాటిని ‘లెజెండ్స్’ అనే వర్గంలో చేర్చి, అవి ఇకపై అధికారిక కథలో భాగం కావని ప్రకటించారు. అంటే కార్డులూ రచనలూ చెప్పిన మాటలు ఒక్క ప్రకటనతో ఐతిహ్యాలుగా మిగిలిపోయాయి. ఆ తరువాత 2019లో ‘ది మాండలోరియన్’ అనే స్టార్ వార్స్ ధారావాహికలో, కథానాయకుడికి పని అప్పగించిన మనిషి (ఆ పాత్ర వేసింది వెర్నర్ హెర్జోగ్) అతనికి విలువైన బెస్కార్ లోహపు దిమ్మలను ప్రతిఫలంగా ఇచ్చేటప్పుడు, వాటిని తెచ్చిన పెట్టె అచ్చంగా ఆ ఐస్‌క్రీమ్ యంత్రపు ఆకారంలోనే ఉంది. సంభాషణలోనే దానికి ‘క్యామ్‌టోనో’ అన్న పేరు వినిపించింది. అంటే అది భద్రంగా విలువైనవి దాచుకునే పెట్టె అన్నమాట. పరిగెత్తే మనిషి దాన్ని ఎందుకు వదలలేదన్న పాత ప్రశ్నకు ముప్పై తొమ్మిదేళ్ళ తరువాత దొరికిన ఈ జవాబు, నిజం చెప్పాలంటే, పాతదాని కన్నా సొంపుగా ఉంది. పైగా పెట్టెలో మెమరీ భాగం ఉండవచ్చు కదా అని రెండు జవాబులనూ కలిపేసుకున్నవాళ్ళ వాదనను కాదనడానికీ ఏమీ లేదు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. 2019 నాటి పెట్టెను చూపించి, ‘1980లో దర్శకుడు ఇర్విన్ కెర్ష్‌నర్ ఉద్దేశం ఇదే’ అనడం కాలాన్ని తలకిందులు చేయడం అవుతుంది. తరువాతి కథకు పాత దృశ్యంలో మనం చూసేదాన్ని మార్చే అధికారం ఉంది గానీ, ఆ దృశ్యం తీసినవాళ్ళ మనసులో ఏముందో చెప్పే సాక్ష్యం మాత్రం అది కాదు. సామ్రాజ్య సైనికులైన స్టార్మ్‌ట్రూపర్ల నడుము వెనక ఉండే బూడిదరంగు గొట్టానికీ ఇదే వర్తిస్తుంది. దాన్ని తొలి చిత్రంలో ఎవరూ వాడరు, ఎవరూ పేరెత్తరు. తరువాతి పుస్తకాలు దాన్ని థర్మల్ డిటొనేటర్ అనే పేలుడు ఆయుధమని నిర్ణయించాయి. అయితే 1983 నాటి మూడో చిత్రంలో రాకుమారి లేయా, నేరగాళ్ళ నాయకుడు జబ్బా కొలువులో ఎత్తిచూపే థర్మల్ డిటొనేటర్ అరచేతిలో ఇమిడే గుండు. రెండూ ఒకే పేరుతో ఎలా ఉంటాయంటే, రకాలు వేరని సర్దిచెప్పారు. అది అబద్ధమని కాదు. కథాలోకంలో నిజం అంటే ఇలా సర్దుబాట్లతో కూడినదే.

మూడో ప్రశ్న స్వభావం పూర్తిగా వేరు. దాన్ని చూపడానికి స్టార్ వార్స్‌ను వదిలి 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ దగ్గరకు వెళ్ళాలి. మనుషుల్లాగే ఉండే కృత్రిమ జీవులైన రెప్లికెంట్లను వేటాడే డెకర్డ్ వెంట గాఫ్ అనే పోలీసు ఉంటాడు. అతనికి కాగితాలు మడిచి చిన్న బొమ్మలు చేయడం అలవాటు. చివర్లో డెకర్డ్ తాను ప్రేమించిన రేచల్ అనే రెప్లికెంటును తీసుకుని ఇల్లు విడిచి వెళ్తుండగా, నేల మీద వెండి కాగితంతో మడిచిన ఒంటికొమ్ము గుర్రం ఒకటి కనిపిస్తుంది. 1982లో థియేటర్లకు వచ్చిన ప్రతిలో దీని అర్థం తేలికే: గాఫ్ ఇక్కడిదాకా వచ్చి కూడా రేచల్‌ను చంపకుండా వెళ్ళిపోయాడు. నేపథ్యంలో డెకర్డ్ గొంతు ఆ మాటే చెబుతుంది కూడా.

1992లో వచ్చిన దర్శకుడి ప్రతిలో ఆ గొంతును తీసేశారు, ఒక చిన్న దృశ్యాన్ని చేర్చారు. డెకర్డ్ పియానో ముందు కూర్చుని ఉండగా, అడవిలో ఒంటికొమ్ము గుర్రం పరిగెత్తుతున్న కల వంటిది అతని మనసులో మెదులుతుంది. ఆ కాగితం బొమ్మలో ఒక్క మడత కూడా మారలేదు, కానీ అర్థం తలకిందులైంది. ఎందుకంటే చిత్రం మొదట్లోనే డెకర్డ్, రేచల్ ఎవరికీ చెప్పని చిన్ననాటి జ్ఞాపకాలను ఆమెకే చెప్పి, అవి నాటిన జ్ఞాపకాలు కాబట్టే తనకు తెలుసునని నిరూపిస్తాడు. ఇప్పుడు డెకర్డ్ ఎవరికీ చెప్పని కలలోని జంతువు గాఫ్‌కు తెలిసింది. అదే తర్కాన్ని అన్వయిస్తే డెకర్డ్ కూడా రెప్లికెంటే కావాలి. దర్శకుడు రిడ్లీ స్కాట్ అవునన్నాడు. ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ చాలా ఏళ్ళు కాదనే వాదించాడు. తీసినవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేనప్పుడు, ఏ ఒక్కరి ఇంటర్వ్యూనో తెచ్చి తీర్పుగా చదవడం కుదరదు. చూడవలసినది ఏ ప్రతిని చర్చిస్తున్నాం, అందులో ఆ బొమ్మకు ముందూ వెనకా ఏ దృశ్యాలున్నాయి అన్నదే. 1982 ప్రతి చూసినవాడూ 1992 ప్రతి చూసినవాడూ ఒకరినొకరు మూర్ఖులనుకుంటూ వాదించుకుంటే, ఇద్దరూ తమతమ సినిమా విషయంలో సరిగానే మాట్లాడుతూ ఉండవచ్చు.

ఐస్‌క్రీమ్ యంత్రానికి ఇలాంటి ముందువెనకలు ఏవీ లేవు. దాన్ని మరో దృశ్యంతో కలిపే దారం చిత్రంలో ఎక్కడా కనిపించదు. ఒక వస్తువు మీదికి కెమెరా దగ్గరగా వెళ్ళిందా, ఏ పాత్ర అయినా దాన్ని చేతిలోకి తీసుకుని చూసిందా, మరో సందర్భంలో అది తిరిగి వచ్చిందా అన్నవి అడిగి చూస్తే, ఒంటికొమ్ము గుర్రం అన్నిటికీ అవుననే చెబుతుంది. నారింజ దుస్తుల మనిషి డబ్బా దేనికీ చెప్పదు.

అయితే ఈ పరీక్ష పాత చిత్రాలకు పనికొచ్చినంతగా కొత్తవాటికి పనికిరాదని ఒప్పుకోవాలి. 1980లో ఆ దృశ్యాన్ని థియేటర్లో చూసినవాడికి దాన్ని ఆపి చూసే వీలే లేదు. క్షణంలో దాటిపోయే వస్తువును ఎవరూ గమనించరన్న ధైర్యంతోనే సెట్ మీద దొరికినది దొరికినట్టు వాడగలిగారు. ఇప్పుడు ప్రతి ఫ్రేమునూ ఆపి, పెద్దది చేసి చూస్తారని తీసేవాళ్ళకు ముందే తెలుసు. 2017 నాటి ‘బ్లేడ్ రన్నర్ 2049’లో ముసలివాడైన గాఫ్ మళ్ళీ కాసేపు కనిపించి, ఈసారి కాగితంతో గొర్రెను మడుస్తాడు. మొదటి చిత్రానికి ఆధారమైన 1968 నాటి ఫిలిప్ కె. డిక్ నవల పేరులో ఎలక్ట్రిక్ గొర్రెలు ఉన్నాయని తెలిసినవాళ్ళ కోసమే ఆ బొమ్మ అక్కడికి వచ్చింది. క్యామ్‌టోనో పెట్టె కూడా అలా చూసేవాళ్ళను ఉద్దేశించి పెట్టినదే. కాబట్టి పాత చిత్రంలో ఒక చిన్న వస్తువు వింతగా కనిపిస్తే, అది యాదృచ్ఛికమే అయి ఉంటుందన్న అనుమానంతో మొదలుపెట్టడం న్యాయం. గత పదిపదిహేనేళ్ళలో వచ్చిన చిత్రంలో అలాంటిది కనిపిస్తే, ఎవరో కావాలనే పెట్టి ఉంటారన్న అనుమానంతో మొదలుపెట్టడమే న్యాయం.